బలం పెంచిన టిప్పర్‌కు ఏ ఆయిల్, ఏ ఫిల్టర్?

ప్రశ్న: నాకు 2014 నాటి పది టైర్ల టిప్పర్ ఉంది. యర్రగుంట్ల చుట్టుపక్కల గనుల నుంచి రాయి తోలుతాను. నెలకు నాలుగైదు సార్లు గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి వైపు కూడా వెళ్తుంది. ఎక్కుడులో లాగడం లేదని పోయిన ఏడాది పంపులో డీజిల్ పెంచి, ఇంజన్‌లోకి గాలిని నెట్టే పెద్ద టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేయించాను. లాగుడు బాగుంది గానీ, ఆయిల్ మార్చిన వారానికే నల్లబడుతోంది. 20 డబ్ల్యు 50 గ్రేడు ఆయిల్ వేస్తే చిక్కగా ఉండి ఇంజన్‌ను కాపాడుతుందని అంగట్లో అంటున్నారు. మెకానిక్ మాత్రం 15 డబ్ల్యు 40 చాలంటున్నాడు. ఆయిల్ ఫిల్టర్ కంపెనీదే కొనాలా, సగం ధరకు దొరికేది వేయవచ్చా?
– ఒక టిప్పర్ యజమాని, యర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: ముందుగా నలుపు సంగతి చెబుతాను. డీజిల్ మండగా మిగిలిన మసిని ముద్ద కట్టనీయకుండా సన్నని రేణువులుగానే తనలో పట్టి ఉంచడం మంచి ఆయిల్ చేయవలసిన పని కనుక, రంగు మారినంత మాత్రాన ఆయిల్ చెడిందని కాదు. అయితే మీరు డీజిల్ పెంచారు. ఘాట్ ఎక్కేటప్పుడు పొగగొట్టం నల్లగా చిమ్ముతున్నదంటే, పోస్తున్న డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం. అప్పుడు మసి మామూలు కంటే ఎక్కువగా దిగి ఆయిల్‌ను చిక్కబరుస్తుంది. మండని డీజిల్ పిస్టన్ రింగుల పక్కనుంచి జారి పలుచన కూడా చేస్తుంది. రోజూ పొద్దున బండి కదిలించకముందే గేజి పుల్ల తీసి చూడండి. మట్టం తగ్గడానికి బదులు పెరుగుతున్నా, డీజిల్ వాసన వస్తున్నా డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పరీక్ష చేయించి, పొగ తగ్గేదాకా డీజిల్ తగ్గేలా పంపును వెనక్కి తిప్పించాలి. ఈ జబ్బుకు మందు ఏ ఆయిల్ డబ్బాలోనూ లేదు.

ఇక చిక్కదనం. డబ్ల్యుకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ప్రవర్తనను తెలుపుతుంది. 15 డబ్ల్యు ఆయిల్‌ను సున్నాకు 20 డిగ్రీల దిగువన పరీక్షిస్తారు, కాబట్టి కడప జిల్లాలో ఆ అంకె గురించి తర్జనభర్జన అక్కరలేదు. వెనకున్న 40, 50 అంకెలు 100 డిగ్రీల వేడిలో కొలిచిన చిక్కదనానివి: 40 అంటే 12.5 నుంచి 16.3 సెంటిస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. చిక్కటి ఆయిల్ పోస్తే మీటర్‌లో ప్రెషర్ ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని చూసి చాలామంది సంతోషిస్తారు. కానీ ప్రెషర్ వేరు, బేరింగులకు అందే ఆయిల్ వేరు. పొద్దున స్టార్ట్ చేయగానే ఆ చిక్కటి ఆయిల్ టర్బో బేరింగ్‌కు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటూగా తిరిగే ఆ ఇరుసుకు ఆలస్యం మంచిది కాదు. ఇంజన్ పుస్తకం 50ని అనుమతించి, ఆయిల్ వేడి ఘాట్‌లో తరచూ 120 డిగ్రీలు దాటుతున్నదని మీటర్ పెట్టి చూసుకుంటే తప్ప, మీ మెకానిక్ మాటే సరైనది.

మీరు నిజంగా చూడవలసింది డబ్బా వెనక ఉండే ఎ.పి.ఐ. (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నాణ్యత గుర్తు. సి.ఎఫ్-4 అనేది 1990 నాటి ప్రమాణం, మీ బండికి అది చాలదు. 2004లో వచ్చిన సి.ఐ-4 ప్లస్ మసిని మోయడంలో, నలిగినా చిక్కదనం నిలుపుకోవడంలో మెరుగైనది. 2016 డిసెంబరులో వచ్చిన సి.కె-4 వేడికి మరింత తట్టుకుంటుంది. ఈ రెండిటిలో ఏది దొరికినా సరే, నేనైతే సి.కె-4 ఎంచుకుంటాను.

ఫిల్టర్ దగ్గర పొదుపు వద్దు. దాని లోపల కాగితం మూసుకుపోయినప్పుడు ఇంజన్‌కు ఆయిల్ ఆగిపోకుండా తెరుచుకునే బైపాస్ వాల్వ్ ఉంటుంది. నాసిరకం ఫిల్టర్‌లో ఆ స్ప్రింగ్ బలహీనంగా ఉంటే వాల్వ్ ముందే తెరుచుకుని, వడగట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు పోతుంది, మీకు ఏ మీటర్‌లోనూ తెలియదు. మీ ఇంజన్‌కు చెప్పిన వాల్వ్ ప్రెషర్‌కు సరిపోయేదైతే, కంపెనీది కాకున్నా పేరున్న తయారీదారుది వేయవచ్చు. తీసిన ఫిల్టర్‌ను పారేయకుండా, రంపం పొడి కలవకుండా కటర్‌తో కోయించి, మడతల కాగితం విప్పి ఎండలో చూడండి. మెరిసే తునకలు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నట్టే.

ఎప్పుడు మార్చాలని మీరు అడగలేదు, అయినా చెప్పాలి. గనిలో గంటల తరబడి ఇంజన్ తిరుగుతుంది గానీ కిలోమీటర్లు పెరగవు, కాబట్టి కిలోమీటర్లను నమ్మకుండా గంటలు లెక్కపెట్టండి. పుస్తకంలో చెప్పిన గడువులో సగంతో మొదలుపెట్టి, ఒకసారి వేడి ఆయిల్ నమూనాను పరీక్షకు పంపి, మసి, ఇనుము, సిలికాన్ ఎంతున్నాయో తెలుసుకుని గడువు స్థిరపరచుకోండి.

ఆ సిలికాన్ ఎక్కువ వచ్చిందంటే దుమ్ము లోపలికి పోతున్నదని అర్థం. నాకు ఆయిల్ కంటే ఎక్కువ దిగులు కలిగించేది ఇదే. మన నాపరాయి మెత్తనిదే గానీ, గని బాటల దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం, గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోహ్స్ కొలతలో 7, పిస్టన్ తిరిగే లైనర్ గొట్టపు ఇనుమును గీసేంత గట్టిది. పెద్ద టర్బో ఎక్కువ గాలి పీలుస్తుంది, మరి పాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా దానికి సరిపోతున్నదా? చాలకపోతే గాలి బిగపట్టి, మీరు వదిలించుకోవాలనుకుంటున్న పొగే పెరుగుతుంది. ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య గొట్టాన్ని విప్పి లోపల తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డకు దుమ్ము అంటితే ఎక్కడో క్లాంపు వదులైంది. టర్బో దాటాక లీకైతే గాలి బయటికి పోయి పొగ వస్తుంది, అంతే. టర్బోకు ముందు లీకైతే దుమ్ము నేరుగా ఇంజన్‌లోకే పోతుంది. ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులపవద్దు, కాగితం చిరుగుతుంది. లోపలి చిన్న ఫిల్టర్‌ను అసలు శుభ్రం చేయకండి, కొత్తది వేయండి.

ఘాట్ ఎక్కి ఆపగానే ఇంజన్ కట్టేయకుండా, టర్బో చల్లబడేలా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. అలాగే, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. చేయించిన మార్పుల గురించి రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: నా పికప్‌కు కడిగి మళ్లీ నూనె పూసి వాడుకునే గుడ్డ ఎయిర్ ఫిల్టర్ వేయమంటున్నారు. మంచిదేనా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: తాడిపత్రి బండల యూనిట్ల మధ్య తిరిగే బండికి వద్దు. అవి గాలిని ధారాళంగా వదులుతాయి గానీ, సన్నని దుమ్మును కాగితం ఫిల్టర్ ఆపినంతగా ఆపలేవు. పైగా నూనె ఎక్కువ పూస్తే గాలిని కొలిచే సెన్సర్‌కు అంటుకుంటుంది. వచ్చే కాస్త బలం కోసం ఇంజన్‌ను పణం పెట్టకండి.

ప్రశ్న: దారిలో ఆయిల్ తగ్గితే వేరే కంపెనీది కలపవచ్చా?
– ఒక లారీ డ్రైవర్, కర్నూలు

జవాబు: గ్రేడు, ఎ.పి.ఐ. గుర్తు ఒకటే అయితే కలపవచ్చు, తక్కువ ఆయిల్‌తో నడపడం కంటే అది వెయ్యి రెట్లు మేలు. పోసినది ఎన్ని లీటర్లో, ఏ తేదీనో మాత్రం రాసిపెట్టుకుని యజమానికి చూపండి. నెలనెలా ఆ లెక్క పెరుగుతూ ఉంటే పిస్టన్ రింగులనో, టర్బో సీల్‌నో మెకానిక్‌కు చూపించాలి.