కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీన్‌లో ముందు ఏ బటన్లు నేర్చుకోవాలి?

బెంగళూరు చిక్కపేటలో బ్లౌజ్ వర్క్ షాపు కోసం 15 సూదుల మెషీన్ కొన్నానని, ప్యానెల్ చూస్తేనే టెన్షన్‌గా ఉందని అడిగారు. నిజానికి రోజూ వాడేవి నాలుగైదే అండి.

పెన్‌డ్రైవ్ నుంచి డిజైన్ ఎక్కించాక ఏ రంగుకు ఏ సూదో మీరే ఇవ్వాలి. డీఎస్‌టీ (మెషీన్ చదివే ఎంబ్రాయిడరీ డిజైన్ ఫైల్ రకం) ఫైల్‌లో అసలు రంగులు ఉండవు, రంగు ఎక్కడ మారాలో మాత్రమే ఉంటుంది. ఎరుపు పడాల్సిన చోట పచ్చ పడిందంటే ముందు ఇక్కడే చూడండి.

తర్వాత ట్రేస్. దీన్ని మాత్రం ఎంత తొందరలో ఉన్నా వదలొద్దు. కుట్టకుండానే ఫ్రేమ్‌ను డిజైన్ అంచుల వెంట తిప్పి చూపిస్తుంది. సూది ఫ్రేమ్‌కు తగిలేలా ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. నిజంగా తగిలితే సూది విరగడంతో పోదు, లోపల సూది దారాన్ని పట్టుకునే హుక్ టైమింగ్ కూడా తప్పవచ్చు. కస్టమర్ పట్టు బ్లౌజ్ అయితే ఇక చెప్పక్కర్లేదు!

స్టార్ట్, స్టాప్ సులువే. దారం తెగితే సెన్సర్ మెషీన్‌ను ఆపేస్తుంది. దారం మళ్లీ ఎక్కించి, కొన్ని కుట్లు వెనక్కి జరిపి మొదలుపెట్టండి, లేకపోతే అక్కడ ఖాళీ కనిపిస్తుంది. జరీ దారం పదేపదే తెగుతుంటే స్పీడ్‌ను నిమిషానికి 500–600 కుట్లకు తగ్గించండి.

ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ప్రమాదం వచ్చినప్పుడే, మామూలుగా ఆపడానికి కాదు.