రాళ్ళ ఉద్యోగానికి వచ్చేవాడికి, గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నవాడికి

తమ్ముడూ, నీ ఉత్తరం చదివాను. వీసా గురించి ఆరు ప్రశ్నలు, జీతం గురించి నాలుగు, చివర్న ఒంటి గురించి ఒక్క ముక్క: "గాల్‌బ్లాడర్‌లో చిన్న రాళ్ళున్నాయట, ఇక్కడే తీయించుకుని రానా, అక్కడ ఇన్సూరెన్స్‌లో అయిపోతుందా?" నేను ఆ చివరి ముక్కే పట్టుకుంటాను. వీసా కాగితాల సంగతి కాన్సులేట్‌వాళ్ళు చెబుతారు. జియాలజిస్టుగా పనిచేయాలంటే సాక్నాస్ప్ అనే ఇక్కడి శాస్త్రవేత్తల కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకోవాలి, ఆ వివరాలు వాళ్ళ సైటులోనే ఉంటాయి. చదువుకున్నవాడివి, చూసుకో.

నేను దక్షిణాఫ్రికాలోని ఈ జొహానెస్‌బర్గ్ వచ్చి పద్దెనిమిదేళ్ళు. వజ్రకరూరు చేలల్లో తొలకరి పడగానే జనం వజ్రాలకోసం వెతకడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ వజ్రాల రాయికి కింబర్లైట్ అన్న పేరొచ్చింది ఈ దేశంలోని కింబర్లీ ఊరినుంచే కదా, వచ్చిన మొదటి నెలలోనే బస్సెక్కి పోయి అక్కడి పెద్ద గొయ్యి చూసొచ్చాను. ఇక ఈ ఊరి చుట్టుపక్కల విట్‌వాటర్స్‌రాండ్ గుట్టల బంగారపు రాయి! గులకరాళ్ళు పాకంలో పోసి బిగించినట్టుంటుంది. ఇక్కడి డచ్చివాళ్ళు తమ బాదం మిఠాయి పేరు పెట్టి దాన్ని బాంకెట్ అన్నారు, నాకు మాత్రం మన శెనక్కాయ చిక్కీ గుర్తొచ్చింది. 1886లో మొదలైన తవ్వకం ఇంకా సాగుతూనే ఉంది. ఎంపొనెంగ్ గని దాదాపు 4 కిలోమీటర్ల లోతు. అడుగున రాయి 60 డిగ్రీలు దాటి కాగుతుంటే పైనుంచి ఐసు పంపి చల్లబరుస్తారు. ఇవన్నీ చూసి కళ్ళు నెత్తికెక్కినవాడికి తన పక్కటెముకల కింద ఏముందో ఎందుకు పడుతుంది?

ఆ గులకరాళ్ళు క్వార్ట్జ్. డ్రిల్లింగ్ దగ్గర లేచే సన్నటి దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బు వస్తుంది, దాని వెనకే క్షయ. ఇక్కడి గని కూలీల బతుకులు ఎన్నో దానికే పోయాయి. నాకు తెలియక కాదు. మాస్కు మెడలో వేలాడేది. రాయి తడిస్తే బాగా కనబడుతుందని నాలుకతో నాకి మరీ చూసేవాణ్ణి. పొద్దుగూకాక క్యాంపులో తెలుగు మాట్లాడే దిక్కులేక సిగరెట్లు, రోజుకు పన్నెండు. డర్బన్‌లో 1931 నుంచే ఆంధ్ర మహాసభ ఉంది, తాతముత్తాతల కాలంలో చెరకుతోటల పనికొచ్చిన తెలుగువాళ్ళ సంతతిది. వాళ్ళ తెలుగు మనలా ఉండదని ఎవరో అంటే విని మూడేళ్ళు ఎవరింటి గడపా తొక్కలేదు. అంత పొగరు నాకు.

గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయని తెలిసీ రెండేళ్ళు ఊరుకున్నాను, నీలాగే "చిన్నవేగా" అనుకుని. ఒక రాత్రి నొప్పికి మెలికలు తిరిగిపోతుంటే ఆసుపత్రిలో పడేశారు. మత్తు డాక్టరమ్మ వచ్చి సిగరెట్లు తాగుతావా, దగ్గు ఉందా అని అడిగింది. పక్కనే మన జిల్లా కుర్రాడు నిలబడి ఉన్నాడు. వాడు విన్నాడంటే సాయంత్రానికల్లా మా అమ్మకు చేరుతుంది. "లేదు మేడం" అన్నాను. సిగరెట్ మానాలంటే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే మానాలి, ఆ రాత్రి ఎలాగూ కుదిరేది కాదు. కానీ నిజం చెప్పి ఉంటే ఆవిడ జాగ్రత్త ఆవిడ పడేది. చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో మొదలుపెట్టి, వాపు ఎక్కువగా ఉందని చివరికి పక్కటెముకల కింద కోసే తీశారు.

ఇక్కడ కాస్త నిదానంగా చదువు. మత్తిచ్చి కండరాలు వదులు చేశాక ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరపు పొర పైకి జరుగుతుంది, ఊపిరితిత్తుల అడుగుభాగాలు నొక్కుకుపోయి గాలి ఖాళీ అవుతుంది. కేసింగ్ లేని బోరు కూలినట్టు. అటెలెక్టాసిస్ అంటారు, పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతో కొంత ఉంటుంది. లేచి కూర్చుని, గట్టిగా ఊపిరి తీసి, దగ్గితే చాలావరకు అదే తెరుచుకుంటుంది. పొట్ట పైభాగాన కోత ఉన్నవాడు మాత్రం నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తాడు, దగ్గు మింగేస్తాడు. కఫం లోపలే నిలిచి చీము పడుతుంది. నేనైతే నొప్పి మాత్రలు కూడా వద్దన్నాను, మగతనం చూపించడానికి.

మన ఊళ్ళో అయితే మంచం కింద చాప పరుచుకుని అమ్మో అత్తో ఉండేది. "లేరా, కూర్చోరా, దగ్గరా" అని ప్రాణం తీసేది. నేనున్న వార్డులో రాత్రి తోడు ఉండనివ్వరు, చూడ్డానికి వచ్చేవాళ్ళకు సాయంత్రం ఒక గంట. ఆ గంటలో నాకోసం వచ్చినవాడు ఒక్కడూ లేడు. పక్క మంచాల చుట్టూ జనం, నేను గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. మూడో రోజుకు చలిజ్వరం, ఎక్స్‌రేలో కుడివైపు అడుగంతా తెల్లగా. న్యుమోనియా. అసలే ఈ ఊరు సముద్రమట్టానికి 1750 మీటర్ల ఎత్తు, గాలే పలచన. ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని ఇంకో తొమ్మిది రోజులున్నాను.

నన్ను గట్టెక్కించింది ఒక పెద్దవయసు జులూ సిస్టర్. పొట్టమీద దిండు అదిమి పట్టించి దగ్గించేది. "ఫెఫుములా!" అని గదమాయించేది, అంటే ఊపిరి పీల్చు అని. ఊపిరి గట్టిగా పీలిస్తే బంతులు పైకి లేచే మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా, స్పైరోమీటర్ అంటారు, దాని గొట్టం నోట్లో పెట్టి, బంతి లేచిన ప్రతిసారీ "కున్యే, కుబిలి, కుథాథు" అని లెక్కపెట్టేది. నేను నేర్చుకున్న మొదటి జులూ మాటలు అవే. ఇంటికొచ్చాక డర్బన్ మూలాలున్న ఒక కుటుంబం, నేను గడప తొక్కనివాళ్ళే, వారం రోజులు చారన్నం పంపారు.

అందుకని, రాళ్ళు తీయించేది అక్కడే, మీ అమ్మ దగ్గర. సిగరెట్ ఉంటే ఈ రోజే ఆపు, డాక్టరుకు దాచకు. కోత పూర్తిగా మానాకే టికెట్ కొను, క్యాంపు ఎక్కడికీ పోదు. మీ తరం అంటుంది, వీడియో కాల్ ఉందిగా అన్నా అని. వీడియో కాల్ వీపు నిమరదు తమ్ముడూ. తప్పక ఇక్కడే చేయించుకోవాల్సి వస్తే తారీఖు నాకు రాయి, ఆ సాయంత్రం గంటకు నేనొస్తాను.

సామాను సంగతి అడిగావు. చింతపండు, కందిపప్పు ఈ ఊళ్ళోనే ఫోర్డ్స్‌బర్గ్ అంగళ్ళలో దొరుకుతాయి, మోసుకురాకు. ఊరగాయ డబ్బా ఒకటి తగ్గించి ఆ మూడు బంతుల డబ్బా పెట్టెలో పెట్టుకో, మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు.