నీళ్ళు అయిపోయిన మర్నాడు ఏం జరిగిందో రాయి

చిరంజీవి సౌమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. రెండో అధ్యాయంలోనే చెన్నై మొత్తాన్ని సముద్రంలో ముంచేశావు. అంత తొందరెందుకు తల్లీ? ఊరంతా ఒక్కసారే పోతే, చదివేవాళ్ళు బెంగపెట్టుకోవడానికి ఎవరు మిగులుతారు?

ఈ ఊళ్ళో జరిగిందే చూడు. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం చెరువు నిండి నీళ్ళు వదిలితే అడయారు నది పొంగి ఇళ్ళలోకి వచ్చింది. అదే చెరువు 2019 జూన్‌కి నెర్రెలు విచ్చింది. ఊరికి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్ చెరువులు కూడా అడుగంటాయి. కొన్ని హోటళ్ళు మధ్యాహ్నం భోజనం ఆపేశాయి, ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పని చెయ్యమన్నాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, ట్రిప్పుకి 25 లక్షల లీటర్లు. నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఇంట్లో ఒకరు కాపలా ఉండాలి. ఎవరు సెలవు పెట్టారు? నేను చూసిన ఇళ్ళలో అయితే ఆడవాళ్ళే. నీ కథ అక్కడుంది. ఒక్క కొరత తీసుకుని, అది వంటింట్లోకి, ఉద్యోగంలోకి, పెళ్ళి సంబంధాల్లోకి ఎలా పాకుతుందో దాని వెంటే వెళ్ళు.

అన్నిటికీ ఒక దుర్మార్గపు కంపెనీని కారణం చేశావు. నాకు నచ్చలేదు. ఈ ఊళ్ళోనే వాననీళ్ళు పట్టి ఉంచే పళ్ళికరణై చిత్తడి నేల ఏళ్ళ తరబడి చెత్తతో, రోడ్లతో, అపార్ట్‌మెంట్లతో కొంచెం కొంచెంగా పూడిపోయింది. అక్కడ ఫ్లాట్లు కొన్నవాళ్ళు అప్పుచేసి గూడు కట్టుకున్న మనలాంటివాళ్ళే. వాళ్ళలో ఒకరిని నీ కథానాయిక తండ్రిని చెయ్యి.

ఇంకొకటి. కృష్ణా నది నీళ్ళు ఆంధ్రాలోని కండలేరు జలాశయం నుంచి కాలువలో పూండికి వస్తాయి కదా. రెండు వైపులా కరువొస్తే సరిహద్దు దగ్గర గేటు ఎవరు దించుతారు? కాలువకి ఆ పక్కన చుట్టాలుంటే? ఇది మన తెలుగువాళ్ళే రాయాల్సిన కథ.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే వదలకు. అమెరికా రచయిత్రి ఆక్టేవియా బట్లర్ చిన్నాచితకా పనులు చేసుకుంటూ తెల్లవారుజామున లేచి రాసింది. 2024లో నీళ్ళు ఎంత ప్రియమవుతాయో 1993లోనే నవలగా రాసింది. జోస్యం కాదు, అప్పటికే కళ్ళెదుట ఉన్న నిర్లక్ష్యాన్ని ముప్ఫై ఏళ్ళు ముందుకు నడిపించి చూసింది. నువ్వూ రోజూ పేపరు చదువు, నీటి వార్తలు కత్తిరించి దాచుకో.

రెండో అధ్యాయం తిరగరాసి దీపావళికి వచ్చేటప్పుడు ప్రింట్ తీసుకురా, ఫోన్‌లో చదవలేను.

మీ పెద్దమ్మ
చెన్నై