నెలకు పదివేలతో అమెరికా షేర్లు: ఏ యాప్ మంచిది?

బెంగళూరులో కొత్త ఉద్యోగం, నెలకు పదివేలు పెట్టగలను, అమెరికా షేర్లకు ఏ యాప్ మంచిదని అడిగారు. యాప్ గురించి బుర్ర పాడుచేసుకోకండి. డబ్బు కరిగిపోయేది దాన్ని అక్కడికి పంపే దారిలో.

నేను ఉండేది మారతహళ్ళిలో. మొదటిసారి బ్యాంకు బ్రాంచికి వెళ్ళి విదేశానికి డబ్బు పంపేందుకు నింపే ఫారం ఏ2 అడిగాను. కౌంటర్లో అమ్మాయి "పిల్లలు అక్కడ చదువుతున్నారా సార్?" అంది. కాదమ్మా, షేర్లకు అన్నాను. లోపలికెళ్ళి ఎవర్నో అడిగొచ్చి, డబ్బు దేనికి పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడ్ దగ్గర ఎస్1301 అని రాసింది. అది ఇంటివాళ్ళ పోషణకు పంపే డబ్బుకి. విదేశీ షేర్లకు ఎస్0001. కొట్టేయించి, పక్కన సంతకం పెట్టాను. ఆ గడి చూడకుండా మీరు మాత్రం సంతకం చేయకండి.

పదివేలు పంపాను, నాలుగో రోజు చూస్తే అక్కడి ఖాతాలో 104 డాలర్లే ఉన్నాయి. ఆ రోజు మార్కెట్ రేటుకి 116 రావాలి. మా బ్యాంకు తన రేటులో కొంత మిగుల్చుకుంది, మధ్యలో ఇంకో బ్యాంకు పది డాలర్లు కోసుకుంది. ఇక్కడి ఛార్జీ, జీఎస్టీ కలిపి 590 రూపాయలు వేరే. ఒక్క షేరూ కొనకముందే పదహారు వందలు గల్లంతు! అప్పట్నుంచి ఆర్నెల్లకోసారే పంపుతున్నాను. మీరూ అరవై వేలు పోగయ్యాక ఒకేసారి పంపండి. షేరు ఖరీదెక్కువైతే అందులో ముక్క కొనుక్కోవచ్చు. ఏడాదికి 10 లక్షలు దాటితేనే 20 శాతం టీసీఎస్, అంటే పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు, మీకా బెడద లేదు.

ఇదంతా ఎందుకు, విదేశీ షేర్లు కొనే ఇక్కడి మ్యూచువల్ ఫండులో, అంటే ఇంటర్నేషనల్ ఫండులో, వేసెయ్యమనేవాళ్ళున్నారు. నేనూ వేశాను. విదేశాల్లో పెట్టడానికి ఫండ్ కంపెనీలన్నిటికీ కలిపి 7 బిలియన్ డాలర్ల పరిమితి. అది నిండిపోవస్తోందని 2022 ఫిబ్రవరి నుంచి కొత్త డబ్బు తీసుకోవద్దంది మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ. నెలనెలా కట్టే నా సిప్ నడుమలో ఆగిపోయింది. మన డబ్బు మనం పెట్టుకోవడానికి గేటు ఎప్పుడు తెరుస్తారా అని కాచుకుని కూర్చోవాలా? షేరులా ఎక్స్ఛేంజీలో కొనుక్కునే ఫండ్లు, ఈటీఎఫ్‌లైతే ఒక్కోసారి అసలు విలువ కన్నా బాగా ఎక్కువ ధరకు అమ్ముడవుతాయి, ఆ అసలు విలువను అప్పటికప్పుడు చూపే ఐనావ్ చూడకుండా కొనకండి.

అన్నిటికన్నా ముఖ్యం ఆదాయపు పన్ను రిటర్ను. ఒక్క షేరున్నా, అమ్మకపోయినా, అందులో విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్ఏలో చూపించాలి. మామూలు జీతగాళ్ళు వేసే ఐటీఆర్-1 పనికిరాదు. ఎఫ్ఏలో లెక్క ఏప్రిల్ నుంచి కాదు, జనవరి నుంచి డిసెంబరు వరకు. డివిడెండులో అమెరికా వాళ్ళు పట్టుకునే 25 శాతం ఇక్కడి పన్నులో సర్దుకోవాలంటే ఫారం 67 వేయాలి. జనవరిలోనే స్టేట్‌మెంటు దించి పెట్టుకోండి. నేను జూలై ఆఖరి రాత్రి రెండింటిదాకా ఒక్కో షేరుకీ ఏడాదిలో గరిష్ఠ విలువ వెతుక్కుంటూ కూర్చున్నాను.