పట్టిన వాయువు, మిగిలిన వేడి

చిరంజీవికి ఆశీస్సులు.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ ఇళ్లను వెచ్చబెట్టే తీరు, అక్కడి పొగలోంచి వాయువును పట్టే పథకం గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే మొదటి వాక్యంలో ‘డిస్ట్రిక్ట్ హీటింగ్’కు నువ్వు పెట్టిన ‘జిల్లా తాపనం’ అనే మాట దగ్గరే ఆగిపోయాను. జిల్లా అనగానే మన పాఠకుడికి కలెక్టరు, మండలాలు గుర్తొస్తాయి గానీ, ఒకచోట కాచిన నీళ్లను గొట్టాల ద్వారా ఊరంతా తిప్పి ఇళ్లను వెచ్చబెట్టే ఏర్పాటు తోచదు. ‘ఉమ్మడి తాపన వ్యవస్థ’ అని రాసి, ఒక్కసారి వివరించి ముందుకు సాగు.

ఆ వివరణను ఇంటి నేలమాళిగ నుంచి మొదలుపెట్టు. అక్కడ గోడ వారగా బీరువా అంత పెట్టె, అందులోకి వచ్చే గొట్టం ఒకటి, వెళ్లే గొట్టం ఒకటి ఉంటాయి. ఊరి నీళ్లు, ఇంటి నీళ్లు పలుచటి లోహపు రేకులకు చెరోవైపున పారతాయే తప్ప కలవవు. వేడిని ఇంటికి ఇచ్చేసి, చల్లబడిన ఊరి నీళ్లు కేంద్రానికి తిరిగి వెళతాయి. తిరిగి వెళ్లే నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత తక్కువ ఉష్ణోగ్రత గల వేడి కూడా వాటిని కాచడానికి పనికొస్తుంది. నీ వ్యాసానికి ఆయువుపట్టు ఇదే.

‘అపారమైన మిగులు వేడి’ అన్నావు గానీ, ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో చెప్పలేదు. గంగాళం నిండా గోరువెచ్చటి నీళ్లున్నా వాటితో చిక్కటి డికాక్షన్ దిగదు కదా! స్టాక్‌హోమ్‌లోని హమ్మర్బీ కేంద్రంలో శుద్ధి చేసిన మురుగునీటి వేడిని నేరుగా వాడలేకనే హీట్ పంపులతో, అంటే తక్కువ వేడిని ఎక్కువ ఉష్ణోగ్రతకు చేర్చే యంత్రాలతో, పైకి తోడుతున్నారు, దానికి కరెంటు ఖర్చవుతుంది.

అదే నగరంలో వెర్తాన్ రేవు దగ్గరి కేంద్రం సంగతి మరింత లోతైనది. అడవి తుక్కు, కలప ముక్కలను కాల్చి వేడిని, కరెంటును ఇచ్చే ఆ కేంద్రం 2016లో ప్రారంభమైంది. దాని పొగలోంచి ఏటా 8 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) పట్టి, ఓడల్లో నార్వేకు పంపి, సముద్రగర్భం కింద దాచేందుకు దాన్ని నడిపే స్టాక్‌హోమ్ ఎక్సర్జీ సంస్థ 2025 మార్చిలో తుది నిర్ణయం తీసుకుంది. పొగను కుదించడానికి కరెంటు కావాలి. వాయువును పీల్చుకున్న పొటాషియం కార్బొనేట్ ద్రావణం దాన్ని వదలడానికి ఆవిరి కావాలి. ఆ మేరకు ఊరికి అందే విద్యుత్తు తగ్గుతుంది. అయితే వాయువుతో పాటు బయటికొచ్చిన ఆవిరి చల్లబడి నీరయ్యేటప్పుడు విడిచే వేడిని తాపన వ్యవస్థలోకి మళ్లించవచ్చు. నువ్వు లాభమే రాశావు, ఖర్చు రాయలేదు. రెండూ ఒకే పేరాలో పక్కపక్కన ఉండాలి.

మరొక్క మాట. ఇళ్లకు వెచ్చదనం అక్కర్లేని జూలైలో ఆ వేడికి గిరాకీ ఎక్కడిది? చలికాలపు లెక్కనే ఏడాది పొడవునా అంటగట్టడం నీలాంటి చదువరికి తగదమ్మా. ఆ నెల సంగతి కూడా చేర్చి, తిరగరాసిన ప్రతిని పంపించు, వెంటనే చదువుతాను.