పాత బెంచ్ వైస్‌ను ఎంతవరకు బాగుచేయాలి, ఎలా ప్రదర్శించాలి?

మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. స్క్రూ బిగుసుకుపోయి, తుప్పు పట్టిన పాత బెంచ్ వైస్‌ను (పనిముక్కను దవడల మధ్య బిగించి పట్టుకునే, బల్లకు అమర్చే సాధనం) కొత్తదానిలా మెరిపించాలా, ఉన్నదున్నట్టు వదిలేయాలా అన్నది ఒకటి. ఇలాంటివి మరికొన్ని సేకరించి, చూడదగ్గట్టు ఎలా అమర్చాలన్నది రెండోది. చాలాకాలంగా ఈ పని చేస్తున్నాను కనుక నా అభిప్రాయం ముందే చెబుతాను. స్క్రూ, నట్, స్లైడ్ (ముందు దవడతో పాటు లోపలికీ బయటికీ జరిగే కడ్డీ), దవడల విషయంలో రాజీ పడకూడదు; అవి తయారైన రోజున ఎలా కదిలాయో మళ్లీ అలాగే కదలాలి. పైతలం విషయంలో మాత్రం వీలైనంత తక్కువ చేయాలి. దాగలి భాగం (సుత్తితో కొట్టడానికి వెనకవైపు ఉండే చదును తలం) మీది సుత్తి దెబ్బల గుర్తులు, ఎవరో కొట్టుకున్న పేరు, పెచ్చులుగా మిగిలిన అసలు రంగు ఒకసారి పోతే తిరిగి రావు. తుప్పును ఈ రోజు కాకపోతే వచ్చే నెల తీయవచ్చు.

అందుచేత తీగల బ్రష్ పట్టుకోవడానికి ముందు ఆ వైస్ ఎవరు చేసిందో, సుమారుగా ఎప్పటిదో తేల్చుకోండి. పోతలోనే ఉబ్బెత్తు అక్షరాలు దవడ పక్కన, స్లైడ్ కింద, బేస్ అడుగున ఉంటాయి. వాటిని గోకకుండా, ఏటవాలుగా టార్చి వెలుగు వేసి, ఫొటో తీసి చదవండి. సుద్దముక్కను అడ్డంగా రుద్దినా అక్షరాలు తేలతాయి. అమెరికా వైస్‌ల మీద తరచుగా పేటెంట్ తేదీ కనబడుతుంది. దానిని తయారీ తేదీగా పొరబడేవారు చాలామంది. అది పేటెంట్ మంజూరైన రోజు మాత్రమే, అంటే ఆ వైస్ అంతకంటే పాతది కాదని చెప్పే హద్దు. ఆ రోజుల్లో పేటెంట్ మంజూరైన నాటి నుంచి 17 ఏళ్లు చెల్లేది, గడువు తీరాక కూడా కొందరు అదే అచ్చుతో పోతపోస్తూ ఉండేవారు. అక్కడ పేటెంట్లు మంగళవారాలే జారీ అవుతాయి కనుక, అరిగిపోయిన తేదీలో ఒక అంకె సందేహంగా ఉంటే పాత క్యాలెండర్ చూసి సరిచేసుకోవచ్చు. తేదీ బదులు పేటెంట్ సంఖ్య ఉంటే మరీ మంచిది: పది లక్షలవ పేటెంట్ 1911లో, ఇరవై లక్షలవది 1935లో వెలువడ్డాయి కాబట్టి సంఖ్య చూడగానే కాలం అంచనాకు వస్తుంది.

విల్టన్ వైస్‌ల సంగతి వేరు. 1941లో షికాగోలో హ్యూగో వోగల్ ప్రారంభించిన ఆ సంస్థ, స్క్రూను పూర్తిగా మూసివేసే తూటా ఆకారపు వైస్‌తో పేరు తెచ్చుకుంది. ముందు దవడను పూర్తిగా బయటికి లాగి స్లైడ్ అడుగున చూస్తే నెల, సంవత్సరం ముద్ర కనబడుతుంది. తొలినాటి వాటిలో ఆ ముద్ర గ్యారంటీ ముగిసే తేదీ, గ్యారంటీ అయిదేళ్లు. కాబట్టి ఆ తేదీలోంచి అయిదు తీసేయాలి. ఇది తెలియక వైస్ వయసు తక్కువ చేసి చెప్పే అమ్మకందారులు ఇప్పటికీ ఉన్నారు, కొనేవారికి అది లాభమే.

పేర్లు తెలుసుకుంటే సేకరణకు ఒక దిశ దొరుకుతుంది. కనెటికట్‌లోని మెరిడెన్‌లో చార్లెస్ పార్కర్ సంస్థ వైస్‌లతో పాటు కాఫీ గింజలు పొడిచేసే యంత్రాలు కూడా చేసింది. పార్కర్ తుపాకులు పుట్టింది ఆ కుటుంబం నుంచే. పెన్సిల్వేనియాలోని ఈరీలో రీడ్, క్లీవ్‌లాండ్‌లో కొలంబియన్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో రికార్డ్ పేరుతో సి. అండ్ జె. హ్యాంప్టన్, యార్క్‌షైర్‌లోని షిప్లీలో పార్కిన్సన్ చేసినవి తరచుగా ఎదురవుతాయి. మసాచుసెట్స్‌లోని ఏథాల్ మెషీన్ కంపెనీని 1905లో కొలిచే పరికరాలకు పేరుపొందిన స్టారెట్ సంస్థ కొనుక్కుంది. అన్ని రకాలూ ఒకేసారి పోగుచేయడం కంటే ఒక తయారీదారునో, ఒక రకాన్నో పట్టుకుని సాగితే సేకరణకు అర్థం ఉంటుంది. నాకు నేలదాకా కాలు ఉండే కమ్మరి లెగ్ వైస్‌ల మీద మమకారం ఎక్కువ, ఆ సంగతి ప్రదర్శన దగ్గర మళ్లీ చెబుతాను.

కొనేటప్పుడు గానీ, మీ దగ్గర ఉన్నదాని మీద ఎంత శ్రమ పెట్టాలో తేల్చుకునేటప్పుడు గానీ, తుప్పును పట్టించుకోకండి, పగుళ్లు వెతకండి. పాత వైస్‌లలో ఎక్కువ భాగం బూడిద రంగు పోత ఇనుముతో చేసినవి. అందులో గ్రాఫైట్ పలచని రేకులుగా ఉంటుంది, ఆ రేకుల అంచుల వెంబడే పగులు పాకుతుంది. గ్రాఫైట్ గుండ్రని పూసలుగా ఉండి వంగగలిగే డక్టైల్ ఇనుము వచ్చింది 1940ల దశకంలో. కనుక అంతకు ముందు వాటిని బలమైన దెబ్బ తగిలినప్పుడు వంగక పగిలేవిగానే భావించాలి. మాలియబుల్ (కొంత సాగే గుణమున్న పోత ఇనుము) అని పోతలో రాసి ఉన్నవి, పోత ఉక్కువి కొంత నయం. కదిలే దవడ మెడ దగ్గర, స్లైడ్ శరీరంలోకి దూరే చోటు మూలల్లో, స్వివెల్ బేస్ (వైస్‌ను పక్కలకు తిప్పనిచ్చే అడుగు భాగం) బోల్టు చెవుల చుట్టూ చూడండి. పలచని నూనె రాసి తుడిచేసి, పైన సుద్దపొడి చల్లితే పగులు ఉన్న చోట నూనె పైకి ఊరి నల్లని గీతగా కనబడుతుంది. రంగు కింద పసుపుపచ్చని గీత కనబడితే పాత బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి వేసిన అతుకు) అనుకోవచ్చు. అది బాగా చేసినదైతే భయపడనక్కరలేదు. ప్రదర్శనలో దానిని కప్పిపెట్టనూ అక్కరలేదు.

హ్యాండిల్ వంగి ఉంటే ఎవరో దానికి పైపు తొడిగి బిగించారని అర్థం. అలాంటి వైస్‌లో నట్ మరల్ని, అంటే లోపలి చుట్ల గాడులను, తప్పకుండా చూడాలి. స్క్రూ ముందుకూ వెనక్కీ తిప్పుతున్నప్పుడు హ్యాండిల్ పావు చుట్టు తిరిగేదాకా దవడ కదలకపోతే అది మామూలు అరుగుదలే, దానితో బతకవచ్చు. అంతకు మించితే మరలు పలచబడ్డాయి. దవడ మూలన పెచ్చు ఊడితే వదిలేయండి. స్లైడ్ అడ్డంగా పగిలినదాన్ని మాత్రం చాలా అరుదైనదైతే తప్ప ఇంటికి తేవద్దు, ఎందుకంటే పోత ఇనుమును అతికించాలంటే మొత్తం ముక్కను నిదానంగా వేడిచేసి, బ్రేజింగ్ చేసి, పొడి ఇసుకలోనో సున్నపుపొడిలోనో గంటల తరబడి చల్లారనివ్వాలి. తొందరపడితే అతుకు పక్కనే కొత్త పగులు పుడుతుంది.

ఇక విప్పడం. చాలా నమూనాలలో స్క్రూను చివరిదాకా వెనక్కి తిప్పితే ముందు దవడ స్లైడుతో సహా బయటికి వచ్చేస్తుంది. నట్ వైస్ శరీరం లోపల ఒకే బోల్టుతోనో, గాడిలో కూర్చునో ఉంటుంది. బిగుసుకున్న స్క్రూకు బలం మందు కాదు. ఆటోమేటిక్ గేరుపెట్టెలో వాడే నూనె, ఎసిటోన్ సమపాళ్లలో కలిపి మరల మీద పోస్తూ, రోజుల తరబడి ఓపిక పట్టండి. మధ్యమధ్య మెత్తని ఇత్తడి సుత్తితో స్క్రూ తల మీద చిన్నగా తట్టుతూ, కొంచెం బిగించి కొంచెం వదలండి. అప్పటికీ లొంగకపోతే నట్ ఉన్న చోట బయటి పోతను వేడిచేయవచ్చు, కానీ ముందు ఆ మిశ్రమంలోని ఎసిటోన్ పూర్తిగా ఆరిపోవాలి, అది సులభంగా అంటుకుంటుంది. పాత రంగు ఉన్న చోట మంట పెట్టడమే తప్పు, ఆ రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అదే కారణంగా పొడిగా ఎమరీ కాగితంతో గీయడం, గ్రైండర్ మీద తీగల చక్రం తిప్పడం వద్దంటాను. సీసపు ధూళి కళ్లకు కనబడదు, పిల్లలున్న ఇంట్లో అది అసలు ఉండకూడదు. గీయక తప్పదంటే తడిపి గీయండి, ముక్కుకు తగిన మాస్కు పెట్టుకోండి.

దవడ పలకల స్క్రూలు అన్నిటికంటే మొండివి. స్క్రూడ్రైవర్‌తో గాడి చెడగొట్టేకంటే, దెబ్బతో తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. పలకలు స్క్రూలతో కాక పిన్నులతో బిగించినవైతే రంధ్రం కనబడదు, గుండ్రని మచ్చ మాత్రం కనబడుతుంది. దాన్ని రెండో వైపు నుంచి కొట్టి తీయాలి. పళ్లు పూర్తిగా అరగనంతవరకు పాత పలకలే తిరిగి వేయండి. కొత్తవి చేయించవలసి వస్తే రంధ్రాల కేంద్రాల మధ్య దూరం కొలిచి ఇవ్వండి. పాత బ్రిటిష్ వైస్‌ల మరలు విట్‌వర్త్ అనే అంగుళాల కొలతలో ఉంటాయి కనుక ఇప్పటి మెట్రిక్ స్క్రూను బలవంతంగా దూర్చకండి.

తుప్పు తీయడానికి నేను నమ్మే పద్ధతి విద్యుద్విశ్లేషణ, ఎందుకంటే అది తుప్పును తీస్తుంది గానీ మంచి ఇనుమును తినదు. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున చాకలి సోడా కలపండి. వైస్ ముక్కను 12 వోల్టుల చార్జర్ రుణ తీగకూ, చుట్టూ నిలబెట్టిన మామూలు ఇనుప రేకులను ధన తీగకూ కలపండి. తీగలు తారుమారైతే తుప్పుకు బదులు వైస్ కరుగుతుంది. రేకు ఎదురుగా ఉన్న వైపే పని త్వరగా జరుగుతుంది కాబట్టి రేకులు అన్నివైపులా ఉండాలి, లేదా ముక్కను మధ్యలో తిప్పాలి. ధన తీగకు స్టెయిన్‌లెస్ స్టీల్ కట్టకండి, నీటిలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. చాకలి సోడా బదులు ఉప్పు వేయకండి, క్లోరిన్ వస్తుంది. సక్రమంగా చేసినా హైడ్రోజన్ వాయువు ఎలాగూ వస్తుంది, అందుకే ఈ పని ఆరుబయట, నిప్పుకు దూరంగా జరగాలి. తీగలు ముట్టుకునే ముందు చార్జర్ ఆపాలి. అల్యూమినియం పేరు పలక ఉంటే ముందే ఊడదీయండి, క్షారంలో అది కరిగిపోతుంది. ఈ స్నానం చేయిస్తే రంగు కూడా మెత్తబడి ఊడిపోతుందని గుర్తుంచుకోండి. అసలు రంగు చాలా మిగిలి ఉన్న వైస్‌ను తొట్టెలో ముంచకుండా, నూనెలో తడిపిన సన్నని ఉక్కు ఉన్నితో చేత్తోనే తుడవాలి. వెనిగర్ చవకే, కానీ దానిలోని ఆమ్లం తుప్పుతో ఆగదు, గంటలు దాటితే లోహాన్నీ కొరుకుతుంది. గట్టిపరిచిన దవడ పలకలను, స్ప్రింగులను అందులో వేయకండి.

తొట్టెలోంచి తీసిన ముక్క మీద నల్లని పొర ఉంటుంది. దానిని కడిగి, వెంటనే ఆరబెట్టి, వెచ్చగా ఉండగానే నూనె రాయాలి, లేకపోతే నిమిషాల్లో ఎర్రదనం తేలుతుంది. అసలు రంగు ఏదో తెలుసుకోవాలంటే స్వివెల్ బేస్ అతుకు లోపల, దవడ పలకల వెనక చూడండి. తర్వాతి యజమానుల రంగులు అక్కడికి చేరవు. మళ్లీ రంగు వేయాలని నిర్ణయిస్తే ఆ ఛాయలోనే ఎనామిల్ వేయండి. స్లైడ్, మరలు, పలకలు కూర్చునే గద్దె, స్వివెల్ తిరిగే తలాలు రంగు తగలకుండా వదిలేయాలి, అక్కడి పలచని పొర కూడా కదలికను పట్టేస్తుంది. పోత అక్షరాలకు వేరే రంగు పులమడం నాకు నచ్చదు, ఏ కార్ఖానా వైస్ అయినా పండగకు ముస్తాబైన ఎద్దులా కనబడుతుంది. బిగింపులో మరల మీద, హ్యాండిల్ వెనక ఒత్తిడి పడే వాషర్ మీద గ్రీజు, స్లైడ్ మీద పలచని నూనె చాలు. స్లైడ్‌కు గ్రీజు దట్టంగా పూస్తే ఇనుప రజను అంటుకుని ఎమరీలా పనిచేస్తుంది.

ప్రదర్శనలో అన్నిటికంటే ముందు బరువు లెక్క చూడాలి. నాలుగు, అయిదు అంగుళాల దవడల వైస్‌లు కొన్ని వరుసగా పెడితే మామూలు పుస్తకాల అరకు అది మించిన భారం. గాజు అరలు అసలు పనికిరావు. మందపాటి గట్టి చెక్క పలకకు బేస్ రంధ్రాల గుండా బోల్టులు బిగించి, ఆ పలకను నేల మీది చట్రానికి కలపడం క్షేమకరం. వైస్ బరువంతా ముందు దవడ వైపు ఉంటుంది కనుక, తెరిచి లాగితే బిగించని వైస్ ముందుకు తూలుతుంది. చూడవచ్చినవారు హ్యాండిల్ తిప్పకుండా ఉండలేరు, తిప్పనివ్వాలి కూడా. దవడలను పూర్తిగా బిగించి ఉంచకుండా, మధ్య కొద్దిగా ఖాళీ ఉంచండి. రెండు పలకల నడుమ చెమ్మ చిక్కుకుంటే పళ్ల మీద తుప్పు మళ్లీ మొదలవుతుంది. రంగు లేని తలాలకు నూనె కన్నా మైనం మంచిది, దుమ్ము అంటదు.

లెగ్ వైస్‌ను అరలో పెట్టకండి. దాని కాలు నేలకు ఆనాలి, ఎందుకంటే కమ్మరి కొట్టిన సమ్మెట దెబ్బ ఆ కాలి గుండా నేలలోకి పోవడానికే దానిని అలా చేశారు. దవడ కీలు మీద తెరుచుకుంటుంది కాబట్టి ఎక్కువ తెరిస్తే దవడలు సమాంతరంగా ఉండవు. స్లైడ్ మీద నడిచే బెంచ్ వైస్ పక్కన నిలబెడితే ఆ తేడా వివరణ లేకుండానే తెలుస్తుంది. బరువైన మొద్దుకు బిగించి, కాలి కింద ఇనుప పలక వేస్తే సరిపోతుంది. పెన్సిల్వేనియాలోని వేన్స్‌బరోలో తయారైన ఎమర్ట్ వైస్ దొరికితే దానికోసం బల్ల అంచునే చెక్కవలసి ఉంటుంది. నమూనాలు చెక్కేవారి కోసం చేసిన ఆ వైస్ దవడలు నిలువుగానూ, అడ్డంగానూ, ఏటవాలుగానూ తిరుగుతాయి, బల్లకు సరిగ్గా దిగితేనే ఆ తిరుగుడంతా కనబడుతుంది.

ప్రతి వైస్ వెనక చిన్న కాగితం అంటించి, ఎక్కడ దొరికింది, ఏ భాగం మార్చాను, ఏ నూనె, ఏ రంగు వాడాను అన్నది రాసి ఉంచుతాను. మార్చిన భాగం సంగతి తప్పకుండా రాయాలి, లేకపోతే తర్వాత కొనేవారు కొత్త దవడ పలకను పాతదనుకుంటారు. ఇక మీ వైస్ విషయానికి వస్తే, పక్కనున్న అక్షరాలూ, స్లైడ్ అడుగు భాగమూ కనబడేలా రెండు ఫొటోలు ఇక్కడ జోడించండి. అది బోల్టుతో బిగించిన నట్టో, గాడిలో కూర్చున్న నట్టో తెలిస్తే, ఏ వైపు నుంచి నూనె పట్టించాలో ఖచ్చితంగా చెప్పగలను.