అమ్మకి థైరాయిడ్, నాకు మైగ్రేన్: జెనెటిక్ టెస్ట్ చేయించాలా?

మీ అమ్మగారికి థైరాయిడ్, మీకు మైగ్రేన్, ఇప్పుడు మీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే రక్తపరీక్ష అంకె) కూడా ఎక్కువ వచ్చింది కాబట్టి ఇదంతా జీన్స్ వల్లేనా అని అడిగారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే వరస. అమ్మమ్మకి పార్శ్వపు నొప్పి. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని, తలుపులు మూసుకుని పడుకునేది. అమ్మకి థైరాయిడ్. నాకు 19వ ఏట మైగ్రేన్ మొదలైంది, 34కి థైరాయిడ్ తోడైంది.

మైగ్రేన్‌కి ఫలానా జీన్ అని ఒక్కటి లేదు. 2022లో లక్షమందికి పైగా మైగ్రేన్ ఉన్నవాళ్ల డీఎన్‌ఏ చూస్తే 123 చోట్ల తేడాలు దొరికాయి. ఒక్కో తేడా చేసేది చిటికెడే. థైరాయిడ్‌దీ చాలావరకు ఇదే తీరు, ఆ చిన్న తేడాల్లో కొన్ని రెండింటికీ ఉమ్మడి. అంతమాత్రాన ఒకటి రెండోదాన్ని తెచ్చిపెట్టిందని కాదు. పైగా రెండూ ఆడవాళ్లలోనే ఎక్కువ. హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో చేసిన సర్వేలో (2013) పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడం) తేలింది. అంటే ఒకే ఇంట్లో రెండూ కాకతాళీయంగా ఉండటమూ వింతేం కాదు. అలాగని అసలు సంబంధమే లేదనలేం. అమెరికాలో 8,412 మందిని 20 ఏళ్లు గమనిస్తే, మైగ్రేన్ ఉన్నట్టున్నవాళ్లకి కొత్తగా హైపోథైరాయిడ్ వచ్చే రిస్క్ మిగతావాళ్ల కంటే 41 శాతం ఎక్కువ కనిపించింది.

నా విషయంలో జరిగిన పొరపాటు వేరు. మైగ్రేన్ అయితే నాకు ఎడమ కణత దగ్గర పోటు, వాంతి. 34వ ఏట కొత్త నొప్పి మొదలైంది. రెండు వైపులా, పోటు లేకుండా, తలకి గుడ్డ బిగించి కట్టినట్టు రోజంతా. మైగ్రేన్ ముదిరిందనుకున్నాను. చూపించుకున్న క్లినిక్‌లో ఆరు నెలలు మాత్రలు మార్చారే తప్ప రక్తపరీక్ష రాయలేదు. మే నెల ఎండలో కూడా మెట్రో ఏసీకి నేనొక్కదాన్నే చున్నీ నిండా కప్పుకుని కూర్చునేదాన్ని! ఆ ముక్క విన్న ఇంకో డాక్టరుగారు వెంటనే టీఎస్‌హెచ్ రాశారు. 18 వచ్చింది. టాబ్లెట్ మొదలుపెట్టిన రెండు నెలల్లో ఆ బిగుతు నొప్పి పోయింది. మైగ్రేన్ మాత్రం పోలేదు, దాని మందులు దానివే.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, టీకి అరగంట నుంచి గంట ఆగాలి. నాకేమో ఖాళీ కడుపే మైగ్రేన్ తెస్తుంది. మా గల్లీలో తెల్లవారుజామున ఐదింటికి నల్లా వస్తుంది. బిందె పెట్టేటప్పుడే మాత్ర వేసుకుంటా, ఆరింటికల్లా టీ, బిస్కెట్లు. ఐరన్, కాల్షియం మాత్రలు థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటల తర్వాతే.

ఒక ల్యాబ్ వాళ్లు జెనెటిక్ ప్యాకేజీ అంటూ ఫోన్ మీద ఫోన్ చేశారు. ఫలితం ఏదొచ్చినా వైద్యం మారదని డాక్టరుగారు అనడంతో మానుకున్నా. నొప్పితో పాటు ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోయే అరుదైన మైగ్రేన్ కుటుంబంలో ఉంటేనే ఆ పరీక్షతో పని. అలాంటిది మొదటిసారి వస్తే మాత్రం మైగ్రేనేలే అనుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. మామూలుగా అయితే టీఎస్‌హెచ్, ఎఫ్‌టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్), అవసరమైతే యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద మన శరీరమే దాడి చేస్తోందా అని చూసే పరీక్ష) చాలు.

మా పాపకి 11 ఏళ్లు. దానికి ఏ టెస్టూ చేయించలేదు. టిఫిన్ తినకుండా స్కూల్ బస్సు మాత్రం ఎక్కనివ్వను.